మన పక్క పుట్టగొడుగులు కూడా అంతరించేవాటి లిస్టులో ఉండాయా?

భాకరాపేట_బుల్లెట్:
అన్నా ఒక డౌటు. వానలు పడినాక పుట్టల దగ్గర లేస్తాయి చూడు, తెల్లగా, నడిమధ్యలో మొన తేలి, కాడ పట్టి లాగితే వేరు మాదిరి లోపలికి పోతానే ఉంటాది, అవి ఈ మధ్య బాగా తగ్గిపోయినాయి, రోడ్డు మీద గంపలో పెట్టుకోని అమ్మే అవ్వ బేరం కూడా ఆడనీదు. వాట్సాప్‌లో ఒకడు పెట్టినాడు, అడవి పుట్టగొడుగుని ఐయూసీఎన్ (ప్రకృతిని కాపాడే అంతర్జాతీయ సంస్థ) రెడ్ లిస్ట్‌లో పెట్టేసినారు, కోస్తే కేసు అని. నిజమేనా?

శిలీంధ్ర_పిచ్చి:
రెడ్ లిస్ట్ చట్టం కాదు బ్రో, ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో లెక్కగట్టి చెప్తారంతే. రిజర్వ్ ఫారెస్టులో పర్మిషన్ లేకుండా ఏం తెచ్చినా తప్పే, అది వేరే సంగతి. నువ్వు చూసింది సిసిలీ పుట్టగొడుగు గురించి అయ్యుంటాది, పేరు ప్లూరోటస్ నెబ్రోడెన్సిస్, మన సూపర్‌మార్కెట్ ఆయిస్టర్‌కి దాయాది. ఉత్తర సిసిలీ కొండల్లో 100 చదరపు కిలోమీటర్ల లోపే, సోంపు కుటుంబంలో ఒక మొక్కని పట్టుకోని మొలుస్తాది. లేతగా ఉండంగానే కోసేస్తారు, ఏడాదికి 250 కూడా పూర్తిగా ఎదగవు, అందుకే 2006లో క్రిటికల్లీ ఎండేంజర్డ్, అంటే అంతరించిపోయే అంచున ఉంది అన్నారు.
మన పుట్టల దగ్గర లేసేవి టెర్మిటోమైసిస్ అనే వేరే జాతి, అందులో శానా రకాలు. ప్రపంచంలో పేరు పెట్టిన శిలీంధ్రాలే లక్షన్నర దాకా ఉంటే 2025 మార్చికి రెడ్ లిస్ట్‌కి ఎక్కింది 1,300, వాటిల్లో 411 ప్రమాదంలో ఉండాయి. కాబట్టి లిస్టులో పేరు లేదంటే క్షేమంగా ఉన్నట్టు కాదబ్బా, ఎవురూ లెక్క చూళ్లేదని.

పాకాల_రైతు:
కోస్తే తగ్గేదేం లేదు, పుట్ట పోతే తగ్గుతాది. లోపల చెదలు ఎండుటాకు, పుల్లా నమిలి తెచ్చి ఆ బూజుని పెంచుకుంటాయి, చెదలు సస్తే గొడుగు యాడినుంచి వస్తాది? మా ఊరి పక్క లేఅవుట్ వేసి జేసీబీతో పుట్టలన్నీ చదును చేసేసినారు, చేలల్లో చెదల మందు సరేసరి. పసుపు కుంకుమ పెట్టి నాగులచవితికి పాలు పోసే పుట్టని మాత్రం జేసీబీ డ్రైవర్ కూడా ముట్టడు, ఇప్పుడు మాకు గొడుగులు దొరికేది ఆ చుట్టుపక్కలే.

శిలీంధ్ర_పిచ్చి:
కోత గురించి స్విట్జర్లాండ్‌లో 1975 నుంచి 2003 దాకా చూసినారు, కోసినందుకు దిగుబడి తగ్గలేదు, కోసేవాళ్లు తొక్కినందుకు తగ్గింది. అవి పుట్ట మీద లేసే రకం కాదులే, అయినా పుట్టని గడ్డపారతో తవ్వి తీసేవాళ్లకి చెప్పండప్పా.

తిరుపతి_అక్క:
లాన్లలో లేసే తెల్లవాటిని ఇవే అనుకోని వండేయొద్దండి సామీ. క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్ అని ఒకటుంది, ముదిరితే అడుగు రేకులు ఆకుపచ్చగా అవుతాయి, తింటే వాంతులే వాంతులు. లేతగా ఉన్నప్పుడు ఆ పచ్చ కనపడదు.

భాకరాపేట_బుల్లెట్:
థాంక్స్ అందరికీ. ఫొటోలు తీసి పెడితే ఉపయోగమా?

శిలీంధ్ర_పిచ్చి:
ఐనాచురలిస్ట్‌లో పెట్టు, జనాలు చూసిన మొక్కలు, జీవుల ఫొటోలు పెట్టే సైటు అది. పైన టోపీ ఒక్కటే తీస్తే లాభం లేదు, అడుగు రేకులు, మొదలుదాకా కాడ, పక్కన పుట్ట కనపడాల. లొకేషన్ ఆన్ చెయ్యి.