క్రిస్మస్ చెట్టుకి ఒకే రంగు సెట్టా, అత్తమ్మ ట్రంకుపెట్టెలోవా?

మియాపూర్ కోడలు | డిసెంబర్ 1, రాత్రి 10:20

అందరికీ వందనాలు. మా ఇంట్లో చిన్న మాటతో మొదలైంది. ఇప్పుడు అత్తమ్మ, నేను ముఖాముఖి మాట్లాడుకోవడం తగ్గిపోయింది. బయటివాళ్ళు ఏమంటారో వినాలని రాస్తున్నాను.

మార్చిలో మియాపూర్‌లో సొంత ఫ్లాట్‌లోకి వచ్చాం. ఈ ఇంట్లో ఇదే మొదటి క్రిస్మస్. ఆరడుగుల చెట్టు కొన్నాను. రెండు శనివారాలు బేగంబజార్ అంతా తిరిగి తెలుపు, బంగారు రంగు బాల్స్, వాటికి కలిసే రిబ్బన్, వార్మ్ వైట్ లైట్లు తెచ్చాను. చెట్టు కాకుండా 3,800 రూపాయలు అయ్యింది. నా జీతంలోంచి కొంచెం కొంచెం పక్కన పెట్టుకున్న డబ్బు.

పోయిన ఆదివారం అత్తమ్మ లాలాగూడ నుంచి తన ట్రంకుపెట్టె తెచ్చారు. మామయ్య రైల్వేలో గార్డుగా చేశారు. క్వార్టర్స్‌లో ఉన్న రోజుల నుంచి చెట్టుకి కట్టినవన్నీ అందులోనే ఉన్నాయి. నల్లబడ్డ గాజు బాల్స్, అగ్గిపెట్టెలకి చమ్కీ కాగితం చుట్టి చేసిన చిన్న చిన్న బహుమతులు, ఒక రెక్క విరిగిన ప్లాస్టిక్ దేవదూత, మా ఆయన రెండో తరగతిలో గ్రీటింగ్ కార్డు కత్తిరించి చేసిన నక్షత్రం, ఎరుపు, పచ్చ, నీలం బల్బుల సీరియల్ సెట్లు మూడు. వీటన్నిటితో పాటు మామయ్య డ్యూటీ విజిల్. ఆయన పోయి ఆరేళ్ళు. ఏటా అది చెట్టు మధ్యలో వేలాడాల్సిందే.

అన్నీ కట్టాలని అత్తమ్మ. ఈ ఒక్క ఏడాది నేను అనుకున్నట్టు ఉండనివ్వండని నేను. మా ఆయన "మీరిద్దరూ తేల్చుకోండి" అని తప్పుకున్నారు. 16న మా ఇంట్లోనే సెమీ క్రిస్మస్ కూడిక. ఆలోపు తేలాలి. మీ ఇళ్ళల్లో ఏం చేస్తారు?

---

కొండాపూర్ ఇంటీరియర్స్ | డిసెంబర్ 1, రాత్రి 11:05

అండీ, నేను పదకొండేళ్ళుగా ఇళ్ళు అలంకరించే పనిలో ఉన్నాను. నా ఓటు మీ తెలుపు, బంగారానికే.

ఫ్లాట్ హాల్‌లో ఇప్పటికే సోఫా, కర్టెన్లు, టీవీ, షూ ర్యాక్, దేనిదో ఒక రంగు ఉంటుంది. అక్కడ నలభై రకాల వస్తువులు కట్టిన చెట్టు పెడితే కంటికి చెట్టు కనపడదు, సామాను కనపడుతుంది. రెండే రంగులుంటే చెట్టు ఆకారం నిలబడుతుంది. ఇందులో మనసు లేదనుకోవద్దు. రెండు శనివారాలు బేగంబజార్ జనంలో నడిచారంటే అదీ ప్రేమే కదా.

చిన్న సలహా. ముందు లైట్లు చుట్టండి, కాండం దగ్గర నుంచి కొమ్మ చివరికి, మళ్ళీ లోపలికి. పైపైన చుడితే వైరే కనిపిస్తుంది. పెద్ద బాల్స్ లోపలికి, చిన్నవి చివర్లకి. రిబ్బన్ చివర్లో.

---

లాలాగూడ క్వార్టర్స్ పిల్ల | డిసెంబర్ 2, ఉదయం 6:40

అక్కా, లాలాగూడ అనేసరికి పొద్దున్నే రాయకుండా ఉండలేకపోయాను. నేను అక్కడే పుట్టాను. క్వార్టర్స్ అన్నీ ఒకేలా ఉండేవి. అదే గోడ రంగు, అదే కిటికీ, అదే వరండా. ఎవరిల్లు ఎవరిదో చెప్పేది లోపలున్న సామానే. డిసెంబర్‌లో క్యారల్స్ రౌండ్స్‌కి రాత్రి పన్నెండు, ఒంటిగంట వరకు తిరిగేవాళ్ళం. ప్రతి ఇంట్లో టీ, గులాబీ పువ్వులు, కేకు ముక్క. పిల్లలం పాట అయ్యేలోపు చెట్టు దగ్గరికి వెళ్ళి వెతుక్కునేవాళ్ళం: పోయినేడు చూసిన ఊలు గొర్రెపిల్ల ఉందా, ఆ ఆంటీ దూదితో చేసిన క్రిస్మస్ తాత ఉన్నాడా అని. ఉంటే ఎంత ధైర్యంగా ఉండేదో. ఏడాది గడిచింది, ఏదీ మారలేదు అనిపించేది.

మా అమ్మ కూడా ఇలాంటి పెట్టె ఒకటి నింపుకుంది. నాన్న రిటైరయ్యాక అల్వాల్‌కి మారాం. కొత్త ఇంట్లో కొత్తవి ఉండాలని పట్టుబట్టింది నేనే. పెట్టె అటక మీదికి పోయింది. నాలుగు మే నెలల తర్వాత దించి చూస్తే మైనం బొమ్మలు కరిగి ముద్దయ్యాయి, కాగితాలు దానికి అంటుకుపోయాయి. పనికొచ్చేవి ఏరకుండా మొత్తం పాత సామాన్ల బండికి వేసేశాను. ఆ కాగితాల మీద ఏ సంవత్సరం ఎవరు చేశారో నాన్న చేత్తో రాసి ఉండేది. ఇప్పుడు ఆయన లేరు. ఆయన చేతిరాత కోసం బ్యాంకు పాసుపుస్తకాలు వెతుక్కుంటున్నాను.

అన్నీ కట్టు అక్కా. బంగారు రంగు బాల్స్ వచ్చే ఏడాదీ దొరుకుతాయి.

---

సైనిక్‌పురి సుమతి తల్లి | డిసెంబర్ 2, ఉదయం 9:15

మాది క్రిస్మస్ చేసుకునే ఇల్లు కాదు. కానీ సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతాం. పై మెట్టు మీద మా నాయనమ్మ ఇచ్చిన కొండపల్లి దశావతారాలు, కింది మెట్టు మీద మా అమ్మాయి ప్లాస్టిక్ డైనోసార్. ఏ రంగుకీ ఏదీ కలవదు. పేరంటానికి వచ్చినవాళ్ళు ఎక్కువసేపు నిలబడేది మాత్రం పెయింట్ పోయిన బొమ్మల దగ్గరే. ఏడాదికి ఒక కొత్త బొమ్మ చేర్చాలి, పాతవి తీయకూడదు, మా ఇంట్లో అదే పద్ధతి.

---

బ్రదర్ ఎలీషా | డిసెంబర్ 2, ఉదయం 11:30

సిస్టర్, రంగుల మాట తర్వాత. యిర్మియా 10వ అధ్యాయం చదివారా? అడవిలో నరికిన మానుకి వెండి బంగారాలు అలంకరించడం గురించే ఉంది. మా సంఘంలో చెట్టే పెట్టం.

మియాపూర్ కోడలు | డిసెంబర్ 2, మధ్యాహ్నం 1:10

చదివాను బ్రదర్. అది చెక్కి నిలబెట్టిన విగ్రహాల గురించని మా పాస్టర్ గారు చెప్పారు. మీ నమ్మకాన్ని గౌరవిస్తాను. దాని మీద వేరే చర్చ పెట్టండి, తప్పకుండా వస్తాను.

---

తార్నాక లైబ్రరీ | డిసెంబర్ 2, రాత్రి 8:50

సెట్ కొనడం కొత్త పద్ధతి, పాతవి దాచుకోవడం అసలు పద్ధతి అని కొందరంటారు. చరిత్ర చూస్తే అంత తేలిగ్గా తేలదు. 1605లో స్ట్రాస్‌బర్గ్ వెళ్ళిన ఒకాయన రాసిన దాంట్లో చెట్టుకి కాగితపు గులాబీలు, యాపిల్స్, తీపి తినుబండారాలు కట్టారని ఉంది. అంటే ఇంట్లో చేసినవి, పండగయ్యాక తినేసేవి. దాచుకోవడానికి మిగిలేవే కావు. గాజు బాల్స్ 19వ శతాబ్దం మధ్యలో జర్మనీలోని లౌషా అనే గాజు పనివాళ్ళ ఊళ్ళో మొదలయ్యాయి. 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ లండన్ పత్రికలో వచ్చాక చెట్టు చాలా ఇళ్ళకి పాకింది. 1880ల నుంచి వుల్వర్త్ దుకాణాలు ఆ గాజు బాల్స్‌ని అమెరికాలో అమ్మాయి. ఈ రోజు మీ అత్తగారి పెట్టెలో అపురూపంగా ఉన్న గాజు బాల్ కూడా ఒకప్పుడు ఎవరో కోడలు ముచ్చటపడి దుకాణంలో కొన్నదే.

లైట్ల గురించి ఒకటి. కరెంటు బల్బులతో మొదటి చెట్టు 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ భాగస్వామి ఎడ్వర్డ్ జాన్సన్ ఇంట్లో వెలిగింది. 80 బల్బులు, ఎరుపు, తెలుపు, నీలం. కాబట్టి రంగుల లైట్లు తక్కువ అనుకోకండి. అయినా ఆ మూడు పాత సీరియల్ సెట్లు మాత్రం దయచేసి వెలిగించొద్దు. పాత వైరు తొడుగు పెళుసెక్కి చీలుతుంది, చెట్టేమో ప్లాస్టిక్. బల్బులు చూసుకోవడానికి ఉంచుకోండి, ప్లగ్గులో పెట్టకండి.

నల్లబడ్డ గాజు బాల్స్‌ని తడిగుడ్డతో తుడవొద్దు. నలుపు లోపలి వెండిపూతది, అది పోదు. పైరంగు ఊడిపోతుంది.

---

ఉప్పల్ ఉషోదయం | డిసెంబర్ 3, ఉదయం 7:30

అందరూ జ్ఞాపకాలు, జ్ఞాపకాలు అంటున్నారు. ఎవరి జ్ఞాపకాలు? ఆ పెట్టెలో కోడలిది ఒక్క వస్తువైనా ఉందా? మామయ్య విజిల్, భర్త నక్షత్రం, అత్తగారి అగ్గిపెట్టెలు. ఆమె తన జీతంతో తెచ్చుకున్నవి మాత్రం "వచ్చే ఏడాదీ దొరికేవి" అయిపోయాయి. పెళ్ళయ్యాక అమ్మాయి ఇంటిపేరు, వంట, చర్చి అన్నీ మారతాయి. చివరికి చెట్టు కూడా అత్తింటి చెట్టే కావాలా?

లాలాగూడ చెల్లీ, నీ బాధ అర్థమవుతోంది. నాన్న చేతిరాత పోవడం చిన్న విషయం కాదు. కానీ నువ్వు పోగొట్టుకున్నది నీ పెట్టె. ఆమెని కట్టమంటున్నది ఇంకొకరి పెట్టె.

మియాపూర్ అక్కా, మీ పుట్టింట్లో చెట్టుకి ఏం కట్టేవారు? మీరు ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

---

మియాపూర్ కోడలు | డిసెంబర్ 3, రాత్రి 11:45

ఉషోదయం గారూ, మీ ప్రశ్న పొద్దుట్నుంచి నన్ను వదల్లేదు. ఆఫీసులో కూడా అదే టెన్షన్.

మాది బాపట్ల దగ్గర పల్లె. మా ఇంట్లో చెట్టంటే సరుగుడు కొమ్మ. డిసెంబర్ 23న నాన్న తోటలోంచి కొట్టుకొచ్చి, ఇసుక నింపిన డబ్బాలో పాతేవారు. మంచు అని దూది చల్లేవాళ్ళం. అమ్మ రంగు కాగితాలు కత్తిరించి మైదా ఉడికించిన జిగురుతో గొలుసులు అంటించేది. జనవరి మొదటి వారానికి ఆకు రాలిపోయేది. కొమ్మ పొయ్యిలోకి, గొలుసులు కూడా దాంతోపాటే. దాచుకోవడానికి మా దగ్గర ఏమీ ఉండేది కాదు, పెట్టె కూడా లేదు. పక్క వీధిలో టీచర్ గారింట్లో గాజు బాల్స్‌తో నిజమైన చెట్టు ఉండేది, అన్నీ బంగారు రంగువే. కిటికీలోంచి చూసేదాన్ని. అప్పుడే అనుకున్నాను, నాకంటూ ఇల్లు వచ్చినప్పుడు ఇలాంటిది పెడతానని.

ఈ మాట అత్తమ్మకి ఎప్పుడూ చెప్పలేదు. మా ఆయనకి కూడా.

---

లాలాగూడ క్వార్టర్స్ పిల్ల | డిసెంబర్ 4, ఉదయం 6:15

అక్కా, ఇది తెలియక "వచ్చే ఏడాదీ దొరుకుతాయి" అన్నాను. క్షమించు. విజిల్ విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. ఆరేళ్ళుగా మామయ్య లేని పండగ ఆవిడ చేస్తోంది. దాన్ని పెట్టెలో వదిలేయకు. మిగతావి నీ ఇష్టం. ముందు ఆవిడకి ఆ సరుగుడు కొమ్మ సంగతి చెప్పు.

---

కొండాపూర్ ఇంటీరియర్స్ | డిసెంబర్ 4, ఉదయం 10:00

విజిల్ ఇత్తడిదైతే మీ బంగారు రంగులో బాగానే కలుస్తుంది. కంటి ఎత్తులో, చుట్టూ బాల్స్ లేకుండా కొంచెం ఖాళీ వదిలి కట్టండి. రెండు చెట్లు పెట్టమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒక ఇంట్లో కొత్త చెట్టు, పాత చెట్టు అని వేరైతే వచ్చినవాళ్ళు పోలుస్తారు, ఎవరో ఒకరి మనసు నొచ్చుకుంటుంది.

---

మియాపూర్ కోడలు | డిసెంబర్ 8, రాత్రి 9:30

చెప్పాను. శనివారం సాయంత్రం పెట్టె మధ్యలో పెట్టుకుని ఇద్దరం నేల మీద కూర్చున్నాం. నేను సరుగుడు కొమ్మ గురించి చెప్తుంటే అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు, "గొలుసులకి ఏ రంగు కాగితాలు కోసేది మీ అమ్మ?" అని. పెళ్ళయి నాలుగేళ్ళు, మా పుట్టింటి పండగ గురించి ఆవిడ అడిగిన మొదటి మాట అది. గులాబీ, పసుపు అన్నాను.

పెట్టెలోంచి ఆవిడే ఏరారు. విజిల్, నక్షత్రం, రెక్క విరిగిన దేవదూత, రెండు గాజు బాల్స్. అగ్గిపెట్టెలు ఈసారి వద్దులే అన్నారు. నేనే ఒకటి తీసి పైన పెట్టాను, దాని అడుగున మామయ్య పెన్సిల్‌తో 1991 అని రాశారు. సీరియల్ సెట్లు ఆఖరిసారి వెలిగించి చూద్దామన్నారు, తార్నాక గారు రాసింది చదివి వినిపించాక ఊరుకున్నారు. బాల్స్, రిబ్బన్, లైట్లు నేను తెచ్చినవే. విజిల్ ఇత్తడిది కాదు, స్టీలుది. తెలుపులో కలిసిపోయింది.

రెక్క అతికించాలని మా ఆయన జిగురు తెచ్చారు. అత్తమ్మ ఒప్పుకోలేదు. ఆ రెక్క మా ఆయన మూడేళ్ళప్పుడు కొరికి విరిచిందట.

అమ్మ 15న రైలెక్కి 16న కూడిక టైముకి వస్తోంది. సరుగుడు కాయలు ఒక సంచీడు తెమ్మన్నాను. వాటికి బంగారు రంగు వేద్దామని నేను, అలాగే ఉంచమని అత్తమ్మ. అమ్మ వచ్చాక చూడాలి.