పాత కారు, మొదటి చలికాలం: ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

అందరికీ నమస్కారం. ఈ దేశానికి కొత్త. పాత సెడాన్ ఒకటి కొన్నాను, పెట్రోలు బండి, 225/45 ఆర్17 వేసవి టైర్లు. ఇక్కడ మంచు బాగా పడుతుందంటున్నారు. హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయి కాబట్టి ఎల్ఈడీ బల్బులు, 18 అంగుళాల అలాయ్ వీల్స్, ఒక డ్యాష్‌కామ్ (రోడ్డును రికార్డు చేసే కెమెరా) పెట్టిద్దామనుకుంటున్నాను. ఏది ముందు చేయించాలో తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు

తమ్ముడూ, అలాయ్‌ల సంగతి ఎండాకాలంలో చూద్దువుగాని. ముందు చలికాలపు టైర్లు. చలి 7 డిగ్రీల కిందికి దిగడం మొదలైతే వేసవి టైరు రబ్బరు గట్టిపడుతుంది. మంచు లేని పొడి రోడ్డు మీద కూడా పట్టు తగ్గుతుంది. చలికాలపు టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది, ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల భాగం) మీదున్న సన్నటి కోతలు మంచును పట్టుకుంటాయి.

కొనేముందు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు బొమ్మ ఉందేమో చూడు. వట్టి 'ఎం+ఎస్' (బురద, మంచు అని) అక్షరాలను నమ్ముకోకు. అది ట్రెడ్ ఆకారాన్ని బట్టి కంపెనీ వేసుకునే ముద్ర, మంచు మీద పరీక్ష నెగ్గినట్టు కాదు. టైరు పక్కన 'డాట్' (DOT) అని మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 3522 అని ఉంటే 2022లో 35వ వారం తయారైందని. వాడినవి కొంటే ట్రెడ్ గాడి లోతు 4 మి.మీ.కి తక్కువ ఉన్నవి ముట్టుకోకు. చాలా దేశాల్లో చట్టం 1.6 మి.మీ. దాకా ఒప్పుకుంటుంది గానీ మంచుకు ఆ చట్టం తెలియదు.

నాలుగూ మార్చాలి. ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే కదా, ఆ రెండూ చాలనుకుంటారు చాలామంది. ముందు పట్టు ఉండి వెనక లేకపోతే, మలుపులో బ్రేకు తొక్కగానే వెనక భాగం పక్కకు జారి బండి గిర్రున తిరుగుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ అయినా ఇదే మాట. అది కదలడానికి సాయపడుతుంది, ఆగడానికి కాదు.

జవాబు

అన్నగారి మాటకు సైజు లెక్క కలుపుతాను. 225/45 ఆర్17లో 225 టైరు వెడల్పు మి.మీ.లలో, 17 రిమ్ము అంగుళాలు. టైరు పక్క ఎత్తు 225లో 45 శాతం, అంటే 101 మి.మీ. దాని బదులు 195/65 ఆర్15 వేస్తే 127 మి.మీ. మొత్తం వ్యాసం మాత్రం రెండింటికీ 634 మి.మీ. దగ్గరే, కాబట్టి స్పీడోమీటరు తప్పు చూపదు. సన్న టైరు మంచును తొక్కుకుంటూ కిందికి దిగుతుంది, ధర కూడా తక్కువ. మీరన్న 18 అంగుళాలకు 225/40 వేస్తే పక్క ఎత్తు 90 మి.మీ.కి పడిపోతుంది. మంచు కరిగాక రోడ్డంతా గుంతలే. అలాంటి టైరుతో గుంతలో పడితే రిమ్ము వంగుతుంది, టైరు పక్కన బుడగ లేస్తుంది. బుడగ లేచిన టైరుకు ప్యాచ్ ఉండదు, పారేయడమే.

ఒక చిక్కుంది. 15 అంగుళాల రిమ్ము మీ బ్రేకు క్యాలిపర్‌కు (డిస్కును నొక్కి పట్టే భాగానికి) తగలొచ్చు. మీ మోడల్‌కు కంపెనీ ఒప్పుకున్న అతి చిన్న సైజు ఏదో మాన్యువల్‌లో చూసి అంతవరకే దిగండి. 16 దగ్గర ఆగాల్సి వస్తే 205/55 ఆర్16 సరిపోతుంది. బోల్టుల మధ్య దూరం, నడిమి రంధ్రం, ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందనే కొలత) మూడూ కలవాలి. సైజు పక్కనే ఉండే లోడ్ అంకె కూడా తగ్గకూడదు. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది.

రిమ్ములు విడిగా రెండో సెట్టు కొనుక్కుంటే ఏటా రెండుసార్లు టైర్లు ఊడదీసి ఎక్కించే ఖర్చు తప్పుతుంది. చక్రాల్లో గాలి సెన్సర్లుండే బండైతే ఆ సెట్టుకూ సెన్సర్లు కావాలి, లేకపోతే చలికాలమంతా డ్యాష్‌బోర్డులో పసుపు దీపం వెలుగుతూనే ఉంటుంది. అలవాటైపోయి, నిజంగా గాలి పోయిన రోజు కూడా పట్టించుకోరు.

జవాబు

చక్రాలు మీరే మార్చుకుంటే: హబ్ (చక్రం బిగించే చోటు) మీద తుప్పును వైరు బ్రష్‌తో గీకేయండి. స్టడ్‌లకు (నట్లు ఎక్కే మరలకు) గ్రీజు, నూనె రాయకండి, రాస్తే టార్క్ పానా (బిగింపు కొలిచే పానా) టక్కుమనేసరికే నట్టు అవసరానికి మించి బిగుసుకుంటుంది. ముందు నట్లన్నీ చేత్తో ఎక్కించి, తర్వాత నక్షత్రం గీసినట్టు ఒకటి విడిచి ఒకటి బిగించండి. చక్రం నేలకు ఆనాక చివరి బిగింపు, మాన్యువల్‌లో రాసినన్ని న్యూటన్ మీటర్లు. 80 నుంచి 100 కి.మీ. తిరిగాక మళ్లీ ఒకసారి పానా పెట్టి చూడాలి. కొత్త రిమ్ములు సర్దుకుని నట్లు వదులవుతుంటాయి.

గాలి పొద్దున్నే, బండి తీయకముందు చూడాలి. చలి 5-6 డిగ్రీలు పెరిగితే దాదాపు 1 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది. 20 డిగ్రీల గ్యారేజీలో 33 కొట్టించుకుని మైనస్ 10లోకి వెళితే 28 దగ్గర ఉంటుంది. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీది స్టిక్కర్‌లో ఉంటుంది. టైరు మీద అచ్చేసిన అంకె గరిష్ఠం, అది కొట్టించకండి.

మళ్లీ ప్రశ్న

అందరికీ ధన్యవాదాలు. అలాయ్‌లు మానేశాను. డ్యాష్‌కామ్, లైట్లు కూడా దండగేనా? బ్యాటరీ ఎప్పటిదో అమ్మినాయనకే తెలియదు.

జవాబు

బాబూ, బ్యాటరీ తేల్చాకే డ్యాష్‌కామ్. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున మల్టీమీటరు పెట్టు. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. అయినా వోల్టేజి ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకు. ముసలి బ్యాటరీ కూడా 12.6 చూపిస్తుంది, సెల్ఫ్ కొట్టగానే కూలబడుతుంది. అందుకే షాపులో లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగి చూసే పరీక్ష) చేయించు. మైనస్ 18 దగ్గర బ్యాటరీ శక్తి సుమారు సగానికి పడిపోతుంది, అదే సమయంలో ఆయిల్ చిక్కబడి ఇంజన్ తిరగడానికి ఎక్కువ శక్తి అడుగుతుంది. మార్చాల్సి వస్తే కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్ (చలిలో ఇంజన్ తిప్పే సత్తా) పాతదానికి తగ్గకూడదు. సిగ్నల్ దగ్గర తానే ఆగిపోయే ఇంజనైతే లోపల ఏజీఎం లేదా ఈఎఫ్‌బీ అనే, పదేపదే స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే రకం బ్యాటరీ ఉంటుంది. చవకని మామూలుది వేస్తే త్వరగా చస్తుంది.

జంపర్ కేబుల్ డిక్కీలో పడేసి ఉంచు. ఎర్రది ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు, ఆఖరి కొస నీ ఇంజన్ మీద రంగు లేని ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, ఆఖరి కొస తగిలించేటప్పుడే నిప్పురవ్వ లేచేది. తీసేటప్పుడు తలకిందుల వరుస.

డ్యాష్‌కామ్ లోపల లిథియం బ్యాటరీ కాకుండా కెపాసిటర్ (కరెంటు కాసేపు నిలవచేసే చిన్న భాగం) ఉన్నది కొను. పార్కింగ్ రికార్డింగ్ కావాలంటే వోల్టేజి 12.2 దగ్గర కరెంటు ఆపేసే కిట్‌తో వైరింగ్ చేయించు. ఆపేసేది లేకపోతే సోమవారం పొద్దున ఆ కేబుళ్లతోనే పని.

జవాబు

లైట్ల గురించి: హాలోజన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో (బల్బు వెనకుండే మెరిసే గిన్నెలో) ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు చెదిరిపోయి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది, చాలా దేశాల్లో తనిఖీలో బండిని వెనక్కి పంపుతారు. పైగా హాలోజన్ వేడికి కరిగే మంచు ఎల్ఈడీ మీద అలాగే పేరుకుంటుంది. మీ మసకకు కారణం చాలావరకు పైనున్న పాలికార్బొనేట్ (ప్లాస్టిక్) కవరు పసుపెక్కడమే. చుట్టూ రంగు మీద టేపు వేసి, నీళ్లు చిలకరిస్తూ 1000, 2000, 3000 నంబరు గరుకు కాగితాలు వరుసగా రుద్ది, పాలిష్ పెట్టి, ఆఖరున యూవీ పూత (ఎండ నుంచి కాపాడేది) వేయండి. పూత ఎగ్గొడితే కొన్ని నెలల్లో మళ్లీ పసుపే.

వైపర్ ట్యాంకులో మామూలు నీళ్లుంటే ఖాళీ చేసి మైనస్ 30 దాకా గడ్డకట్టని ద్రవం పోయండి, నీళ్లు గడ్డకడితే పంపు పగులుతుంది. అద్దం లోపల పొగమంచు పడితే ఏసీ వేసి, బయటి గాలి తీసుకునే బటన్ నొక్కండి. చలిలో ఏసీ ఎందుకంటారేమో, తేమ లాగేది అదే.

మంచులో కూరుకుపోయిన బండి స్టార్ట్ చేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ తవ్వేయండి. గొట్టం మూసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది, దానికి వాసన ఉండదు. పిల్లల్ని ముందే కూర్చోబెట్టి హీటర్ వేసి, బయట మంచు తోడడం అసలొద్దు.