సగం ధరకి వాడిన టైర్లు: థార్‌కి వేయించాలా, వద్దా?

జీడితోట_పలాస:
అందరికీ నమస్కారం. నాది 2021 థార్, 255/65 ఆర్18 టైర్లు. బండితో వచ్చినవి అరిగి నున్నగా అయిపోయాయి. ఉద్దానంలో మా తోటకి ఇసుక బాట, నెలకోసారి మందస మీదుగా మహేంద్రగిరి ప్రయాణం. కొత్త ఆల్ టెరైన్ (మట్టి బాటకీ తారు రోడ్డుకీ పనికొచ్చే) టైరు ఒక్కోటి 12 వేలు చెబుతున్నారు. శ్రీకాకుళంలో ఒకాయన దగ్గర వాడినవి నాలుగున్నాయి, 6 వేల చొప్పున ఇస్తానంటున్నాడు. గాడి లోతు 6 మిల్లీమీటర్లు ఉంది. రెండు ఒక కంపెనీవి, రెండు ఇంకో కంపెనీవి. 24 వేలు మిగులుతాయని ఆశ. ఈసారి మా జీడిపిక్కలకి రేటు కూడా రాలేదు. తీసుకోమంటారా?

సాలూరు_లారీ:
తీసుకో బాబూ. మాది సాలూరు, లారీల ఊరు. ముప్పై ఏళ్ళుగా రీబటన్ టైర్లతోనే, అంటే అరిగినవాటికి పైన కొత్త రబ్బరు వేయించినవాటితోనే, ఒడిశా ఘాట్లు ఎక్కి దిగుతున్నాను. తోటలో ఇసుకకి కొత్త టైరు ఎందుకు?

ఎస్‌కోట_ఘాట్:
బాబాయ్, మీ అనుభవం ముందు నేను చిన్నవాణ్ణే. కానీ ఈ మాట ఒప్పుకోలేను. లారీ టైరుని మళ్ళీ రీబటన్ వేయించుకునేలా గట్టిగా చేస్తారు. మన బండ్ల టైర్లు అలా ఉండవు. పైగా ఇసుకలో, బురదలో తిరిగిన టైరు పైన బాగానే కనబడుతూ లోపల పాడైపోయి ఉండొచ్చు.

రెండేళ్ళ కిందట నేనూ వాడినవి నాలుగు వేయించాను. గాళ్ళు లోతుగా, చూడ్డానికి కొత్తవాటిలానే ఉండేవి. మూడో నెలలో అనంతగిరి ఘాట్ దిగుతుంటే ముందు ఎడమ టైరు పక్కన చీలిపోయింది. బండి ఎడమకి లాగేసింది. అటు కొండ ఉంది కాబట్టి బతికాం. వెనక సీట్లో మా అమ్మ, పాప ఉన్నారు. టైరు విప్పితే లోపల గుప్పెడు నల్లటి పొడి, బొగ్గు దంచినట్టు. చుట్టూతా వేలెడు వెడల్పున రబ్బరు గీసుకుపోయి దారాలు తేలి ఉన్నాయి. అంతకుముందు ఎవరో ఇసుక కోసం గాలి తగ్గించి, మళ్ళీ నింపకుండానే తారు రోడ్డు మీద తోలేశారు. అలా తోలితే సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, నలిగి, వేడెక్కి, లోపలే పిండైపోతుంది. నేను కొన్నప్పుడు బయట ఒక్క గీత కూడా లేదు.

ఇక డబ్బు లెక్క. టైరు ఇక మార్చాలని చెప్పే టీడబ్ల్యూఐ గుర్తు 1.6 మి.మీ. దగ్గర ఉంటుంది, కానీ వానాకాలం ఘాట్‌లో నేను 3 దగ్గరే మార్చేస్తాను. కొత్త టైరు 10 మి.మీ. ఉందనుకుంటే వాడుకునేది 7. అంటే మిల్లీమీటరుకి దాదాపు 1,700 రూపాయలు. మీరు చూసిన దాంట్లో 6 ఉంది, వాడుకునేది 3. మిల్లీమీటరుకి 2,000 పడుతుంది. సగం ధర అంటున్నారు గానీ అసలు ఖరీదైనది అదే!

మెకానిక్_విజీనగరం:
ఇంకో సంగతి. థార్‌లో 4హెచ్ (నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే గేరు) వేస్తే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో తిరగాలి. ఒకే సైజు అని రాసి ఉన్నా, కంపెనీ మారినా అరుగుదల మారినా చుట్టుకొలత మారుతుంది. ఇసుకలో చక్రం జారి సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద ఆ భారమంతా రెండు ఇరుసులకీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది. రెండు రెండు కలిపి వేయించకండి.

సాలూరు_లారీ:
ఎస్.కోట బాబూ, ఇంట్లో వాళ్ళకి ఏమీ కాలేదు, అదే పదివేలు. కానీ చూడకుండా కొన్నావు. రిమ్ము మీద ఉన్న టైరు నేను జన్మలో కొనలేదు. విప్పించి, లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడుముతాను. చేతికి పొడి అంటితే దండం పెట్టి వచ్చేస్తాను. ప్యాచ్ మధ్యలో ఒకటి ఉంటే ఫర్వాలేదు, అంచు దగ్గరో పక్కనో ఉంటే వద్దు. టైరు పక్కన అచ్చు వేసిన డాట్ కోడ్‌లో చివరి నాలుగంకెలు కూడా చూడాలి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఎండకి రబ్బరు బిగుసుకుపోతుంది, గాడి ఎంత లోతున్నా పట్టు ఉండదు.

పలాస బాబుకి ఒక మాట. కొత్త థార్ కొన్న కుర్రాళ్ళు కొంతమంది వెంటనే పెద్ద టైర్లు వేయించుకుంటారు. ఆ తీసేసినవి నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే వయసువి దొరుకుతాయి. 9 మి.మీ.తో 8 వేలకి దొరికితే నీ లెక్క ప్రకారమే లాభం కదా?

ఎస్‌కోట_ఘాట్:
అవును, ఆ లెక్కకి నేను ఎదురు చెప్పను. మిల్లీమీటరుకి 1,333. అయినా పిల్లలతో ఘాట్ ఎక్కే బండికి, ఎవరు తోలారో తెలియని టైరు నేను మళ్ళీ వేయించను. బాబాయ్, ఇందులో మాత్రం మీదీ నాదీ కలవదు.

జీడితోట_పలాస:
ఇవాళ వెళ్ళాను. ఒక్క టైరు విప్పి చూపించండి, విప్పిన కూలి నేనే ఇస్తానని అడిగాను. "నమ్మకం లేకపోతే మానెయ్యండి" అన్నాడు. బయట నుంచి అంకెలు చూస్తే రెండింటి మీద 1117 ఉంది. మానేశాను. విజయనగరంలో ఒక కుర్రాడు కొత్త థార్ నుంచి తీసిన సెట్టు ఉందంటున్నాడు, విప్పే ఉన్నాయట. ఆదివారం టార్చిలైటు పట్టుకుని వెళ్తున్నాను. మెకానిక్ గారూ, మీకు వీలైతే ఒక్క అరగంట తోడు రాగలరా?