బీడులో బతికే తంగేడు మా స్థలంలో ఎందుకు బతకట్లేదు?

హన్మకొండ కోడలు:
ఊరి బయట మాకు రెండు గుంటల జాగా ఉంది. ఏటా బతుకమ్మకు మార్కెట్లో వాడిపోయిన తంగేడు కట్టలు కొనలేక, బీడులోంచి మోకాలెత్తు మొక్కలు నాలుగు తవ్వి తెచ్చాను. పశువుల ఎరువు వేసి రోజూ నీళ్లు పోశాను. పది రోజులకే నాలుగూ ఆకు రాల్చాయి. బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు కోసం దాని గింజలు కూడా చల్లి జానెడు మట్టి కప్పాను, ఒక్కటీ మొలవలేదు. తప్పెక్కడ జరిగింది?

చెల్క రైతు:
చెల్లెమ్మా, నీ గారాబమే వాటికి పడలేదు. తంగేడు తల్లివేరు నిటారుగా లోపలికి దిగుతుంది. ఆ ఎత్తు మొక్కను తవ్వితే వేరు తెగాల్సిందే. గింజే వేయి. పెంకు గట్టిది కాబట్టి గరుకు రాయి మీద కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టి, తొలకరికి ఎక్కడ పెరగాలో అక్కడే పెట్టు. మొరం నేలైనా చాలు, నీళ్లు మాత్రం నిలవకూడదు. ఎరువు వద్దు. మొదటి ఏడు పూయకపోతే టెన్షన్ పడకు. 2014 నుంచి మన రాష్ట్ర పుష్పం అంటారు గానీ, ప్లాట్లు కొట్టేటప్పుడు జేసీబీ కింద ముందు పడేది ఇదే.

గునుగు సంగతి వేరు. అది బీడు మొక్క కాదు, చేనులో కలుపు. దానికి కదిలించిన మట్టి కావాలి. గింజ నల్లగా నిగనిగలాడుతూ ఆవగింజ కన్నా చిన్నగా ఉంటుంది, జానెడు మట్టి కింద నుంచి అదెలా పైకొస్తుంది? మా జొన్నచేనులో అమ్మ తిట్టుకుంటూ గునుగు పీకేది, గట్టు మీది వాటిని మాత్రం పండక్కని వదిలేసేది. ఇప్పుడు పత్తిచేనుకు కొట్టే గడ్డిమందు గట్లకూ కొడుతున్నారు. నిరుడు ఒక్క బతుకమ్మకు సరిపడా గునుగు కోసం మూడు ఊళ్లు తిరిగాను.

కూరాకు పెద్దమ్మ:
గునుగు లేతాకు పప్పులో వేస్తే బాగుంటుంది బిడ్డా. కాకపోతే అన్నీ తెంపెయ్యకు, పువ్వుకు కొన్ని ఉంచు. మా నాయన కాలంలో తోళ్లు పదును చేయడానికి తంగేడు చెక్క బండ్ల మీద పోయేది.

హన్మకొండ కోడలు:
అన్నా, గునుగు చల్లిన చోట మట్టి తీసేసి మళ్లీ చల్లనా?

చెల్క రైతు:
తీయకు. జూన్లో వాన పడ్డాక జానెడు లోతు మట్టి తిరగేసి వదిలెయ్. లోపలున్న గింజలు కొన్నైనా పైకొస్తాయి.