గొర్రెపిల్ల ఎదుగుదల రక్తంలో ఉందా, మేతలో ఉందా?

చీపురుపల్లి మంద:
నాకు 60 గొర్రెలు ఉన్నాయి, అన్నీ మన వైపు నాటువే. మూడేళ్ల క్రితం సంతలో నెల్లూరు జోడిపి పొట్టేలు కొన్నాను. మూతి చుట్టూ, కళ్ల చుట్టూ నల్లగా, మిగతా ఒళ్లంతా తెల్లగా, నిలబెడితే నా నడుము దాటిన ఎత్తు. 70 కిలోలు తూగింది. తొలి ఈత పిల్లల్ని చూసి మురిసిపోయాను. తీరా మూడో నెలలో తూచితే చాలావరకు 11, 12 కిలోల దగ్గరే ఆగాయి, అంటే నాటు పిల్లలంతే. ఈ మూడేళ్లలో రెండు పిల్లలు మాత్రం 16 దాటాయి. చిత్రమేమిటంటే ఆ రెండూ ఒకే గొర్రెకు, వేర్వేరు ఈతల్లో పుట్టినవి. అదంతా మేత మహిమ అంటాడు మా అన్నయ్య. పక్కూరి కాపరి మాత్రం నా పొట్టేలు రక్తమే మంచిది కాదంటాడు. దానికి పుట్టిన ఆడపిల్లలు ఇప్పుడు ఎదకు వచ్చాయి కాబట్టి పొట్టేలును మార్చక తప్పదు. మళ్లీ జోడిపినే తేవాలా, నా మందలోనే ఒకదాన్ని ఎంచుకోవాలా?

నాగావళి గట్టు:
ఇందులో చర్చకు ఏముంది? నేను ఆమదాలవలసలో పొట్టేలు పిల్లల్ని కట్టి మేపి అమ్ముతాను. ఒకే దొడ్డి, ఒకే తవుడు, ఒకే కందిపొట్టు. నాలుగు నెలల్లో జోడిపి పిల్ల పట్టిన కండ నాటు పిల్ల పట్టదు. దేశంలోకెల్లా ఎత్తైన గొర్రె నెల్లూరుదే. ఆ ఎత్తు గడ్డి తింటే వచ్చిందా? చీపురుపల్లిలో కట్టేసినంత మాత్రాన దాని కాళ్లు పొట్టివైపోవు. జాతి మార్చండి, మిగతావన్నీ కబుర్లు.

పాత కాపరి:
తమ్ముడూ, నువ్వు కట్టి మేపుతావు, మేము తిప్పి మేపుతాం. అసలు తేడా అక్కడుంది. కోతలయ్యాక మందను పొలంలో పెడతాం, ఎరువుకు బదులుగా రైతు ధాన్యం కొలుస్తాడు. వానలు పడ్డాక మడి నిండా నీళ్లే, గట్టు మీద ఉన్నదే మేత. (మా రాజాం 2022లో శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు మారింది. బురద మాత్రం ఉన్నచోటే ఉంది.) నేనూ ఒకసారి ముచ్చటపడి పెద్ద పొట్టేలును తెచ్చాను. శ్రావణం వచ్చేసరికి గిట్టల మధ్య పుండ్లు పడి మోకాళ్ల మీద మేసింది. గొర్రె వెంట నడవలేని పొట్టేలుకు ఎంత గొప్ప రక్తముంటే నాకేమిటి? ఇంకో మాట. పిల్ల కంటి కింది రెప్పను వేలితో లాగి చూడండి. ఎర్రగా ఉంటే సరే, తెల్లగా పాలిపోయిందంటే కడుపులో నట్టలు రక్తం తాగుతున్నట్టే. భాద్రపదంలో కూడా నా నాటు గొర్రెల రెప్ప ఎర్రగానే ఉంటుంది.

గరివిడి చదువరి:
బాబాయి గారూ, ఆ రెప్ప సంగతి కూడా రక్తం సంగతే. నట్టలను తట్టుకునే శక్తి కొంతవరకు తల్లిదండ్రుల నుంచే వస్తుంది. సుందరబన్స్ ప్రాంతపు గరోల్ గొర్రె చూడటానికి బుజ్జిగా ఉంటుంది గాని, రక్తం తాగే నట్టను దక్కనీ గొర్రె కంటే బాగా తట్టుకుంటుంది. అందుకని ఒంటి బరువు ఒక్కటే జన్యువుల్లో ఉందనుకుంటే పొరపాటు. మా ఊరి బురదలో బతికి బరువు పెరగడం వేరే గుణం, దొడ్డిలో తవుడు తిని పెరగడం వేరే గుణం. ఒకదానిలో గెలిచిన జీవం రెండోదానిలో ఓడిపోవచ్చు.

చీపురుపల్లి అన్నా, మీ ఆ గొర్రె గురించి నాకొక అనుమానం. మూడు నెలల వరకు పిల్ల బరువులో తల్లి పాలకు పెద్ద వాటా ఉంటుంది. ఆ రెండు పిల్లలూ ఒంటరిగా పుట్టాయా, కవలల్లోవా? ఒంటరి పిల్లకు రెండు చన్నులూ దానివే. తొలి ఈత గొర్రె పిల్ల, మూడో ఈత గొర్రె పిల్ల కూడా సమానం కావు. ఇవి తీసేయకుండా పొట్టేలును మెచ్చుకోవడం గాని తిట్టడం గాని న్యాయం కాదు.

నాగావళి గట్టు:
పై దేశాల్లో ఒక్క జన్యువుతోనే పిరుదులు ఉబ్బిన గొర్రెలున్నాయని చదివాను. ఆ వీర్యం తెప్పిస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

గరివిడి చదువరి:
ఉన్నాయి. టెక్సెల్ అనే జాతిలో కండ పెరుగుదలకు కళ్లెం వేసే మయోస్టాటిన్ జన్యువులో ఒకే ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారింది. మారింది కూడా ప్రోటీనును రాసే భాగంలో కాదు, దాని వెనుక తోకలో. కండలో ఉండే చిన్న ఆర్‌ఎన్‌ఏ తునకలు ఆ కొత్త చోట అతుక్కుని మయోస్టాటిన్ తయారీని తగ్గిస్తాయి. దాంతో కళ్లెం సడలి కండ పెరుగుతుంది. బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2006లో ఈ గుట్టు విప్పారు.

మీరు చదివిన పిరుదుల గొర్రె కాలిపీజ్ కావచ్చు, గ్రీకులో ఆ పేరుకు అర్థం కూడా అందమైన పిరుదులనే. 1983లో అమెరికాలోని ఓక్లహోమాలో డోర్సెట్ అనే జాతి పొట్టేలు ఒకదానిలో కనిపించింది. మార్పు తండ్రి నుంచి వచ్చి, తల్లి నుంచి మామూలు జన్యువు వస్తేనే పిరుదులు ఉబ్బుతాయి. తల్లి నుంచి వచ్చినా, ఇద్దరి నుంచీ వచ్చినా ఉబ్బవు! అయితే ఆ మాంసం నమిలితే రబ్బరు. అలా ఒక్కటే అంత తేడా తెచ్చే జన్యువులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. మామూలు గొర్రెల బరువు వందల జన్యువుల చందా, తలా ఒక చిల్లర నాణెం వేసినట్టు.

లెక్కల మాస్టారు:
నాకు ఇరవై జీవాలే ఉన్నాయి, లెక్క చెప్పడానికి అవి చాలు. ఒకే మందలో, ఒకే ఏడు పుట్టిన పోతు పిల్లల సగటు కంటే ఒకటి 6 కిలోలు ఎక్కువ తూగిందనుకోండి. బరువుకు అనువంశికత, అంటే ఆ తేడాల్లో జన్యువుల వాటా, 0.3 అని పెట్టుకుందాం. ఆ 6లో జన్యువుల వల్ల వచ్చింది 1.8 కిలోలు. పొట్టేలు పిల్లకిచ్చేది సగమే కాబట్టి 0.9. మిగతా 5 కిలోల పైచిలుకు ఎక్కడికి పోయిందని అడగకండి. కొంత తల్లి పాలలో, కొంత మేతలో, కొంత అదృష్టంలో ఉండేది, మిగిలింది ఆ పొట్టేలు మీ పిల్లలకు పంచని సగం. సంతలో 70 కిలోలు తూగిన పొట్టేలు ఏ మందలో, ఏం తిని పెరిగిందో తెలియదు కనుక ఈ లెక్క దానికి అక్కరకు రాదు. నిజానికి సంతలో చాలామంది కొనేది ఎవరో పెట్టిన దాణానే.

నాగావళి వారికి ఒక మార్కు వేయాలి. జాతికీ జాతికీ మధ్య తేడా ఒకే దొడ్డిలో, ఒకే మేత మీద చూసినది కనుక అందులో జన్యువుల వాటా పెద్దదే. సంకరపు పిల్ల ఆ తేడాలో సగాన్ని పుచ్చుకుంటుంది. అలాగని సొంత మందలో పొట్టేలును ఉంచేసుకుని దాని కూతుళ్లకే వదిలితే పుట్టే పిల్లల్లో అంతఃప్రజననం, అంటే దగ్గరి రక్తం కలవడం, 25 శాతానికి చేరుతుంది. దాంతో ఎదుగుదల కుంగుతుంది. చీపురుపల్లి వారు మార్చాలనుకోవడం సరైన పనే.

నాగావళి గట్టు:
900 గ్రాముల కోసం తక్కెడ పట్టుకుని దొడ్డి చుట్టూ తిరగమంటారా మాస్టారూ?

లెక్కల మాస్టారు:
ఏడాదికి 50 పిల్లలు దక్కితే 45 కిలోలు. వచ్చే ఏడు మళ్లీ ఎంచితే దాని మీద ఇంకొంత. తక్కెడ కొనేది మాత్రం ఒక్కసారే.

పాత కాపరి:
కాగితం మీద బాగానే ఉంది. చీపురుపల్లి బాబూ, నీ గొర్రెది పాలో రక్తమో తేలాలంటే దాని పిల్లను ఇంకో తల్లికి కుడపాలి. ఇంకో గొర్రె అదే రోజు ఈనిందనుకో, దాని ఉమ్మనీరు తడి ఆరకముందే నీ పిల్ల ఒంటికి పూయి, తల నుంచి తోక దాకా. ఆ తల్లి మూతి పెట్టి వాసన చూసి నాకడం మొదలుపెట్టిందంటే ఇక ఆ పిల్ల దానిదే. ఆరిపోయాక పూస్తే తన్నేస్తుంది, నా మోకాలికి కూడా తగిలింది ఒకసారి.

చీపురుపల్లి మంద:
చదువరి గారూ, ఆ రెండూ ఒంటరి పిల్లలే. ఇంతకాలం నాకు తట్టనే లేదు. ఈసారి ఆ గొర్రె కడుపు రెండు వైపులా ఉబ్బి ఉంది, పది రోజుల్లో ఈనవచ్చు. కవలలైతే ఒకదాన్ని తల్లి దగ్గరే ఉంచి, రెండోదాన్ని బాబాయి గారు చెప్పినట్టు వేరే గొర్రెకు అంటగడతాను. నూరు కిలోల స్ప్రింగు తక్కెడ నిన్ననే తెచ్చాను, వేపకొమ్మకు వేలాడదీశాను. జోడిపి బేరం మాత్రం అప్పటిదాకా ఆపాను. అన్నయ్య ఇంకా మేతే అంటున్నాడు.