క్రిస్మస్ ముందురోజు షార్కూటరీ బోర్డు: శాకాహారులు, పంది మాంసం ముట్టనివారు, గొడ్డు మాంసం ముట్టనివారు ఒకే విందుకు వస్తే ఎలా అమర్చాలి?

ప్రశ్న (ఆస్టిన్ నుంచి)

అందరికీ నమస్కారం. డిసెంబరు 24 సాయంత్రం మా ఇంటికి 14 మంది అతిథులు వస్తున్నారు. రాత్రి ఎనిమిది గంటలకు బిర్యానీ, బగారా బైంగన్ వడ్డించాలని అనుకున్నాము. ఆరు గంటలకు వచ్చినవారు అప్పటివరకు కబుర్లు చెప్పుకుంటూ తినడానికి ఒక షార్కూటరీ బోర్డు, అంటే ఎండబెట్టిన మాంసం ముక్కలు, చీజ్, పండ్లు ఒక చెక్క మీద అమర్చినది, పెట్టాలని నా కోరిక. ఏటా మా పొరుగింటివారు క్రిస్మస్‌కు ఎంతో శ్రద్ధగా బోర్డు అమర్చి మమ్మల్ని పిలుస్తారు కాబట్టి, ఈసారి వారికి ఇష్టమైనదాన్ని మా ఇంట్లో మా చేతులతో పెట్టాలని ఉంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పొరుగింటివారు నలుగురూ అన్నీ తింటారు. హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా స్నేహితుల కుటుంబం నలుగురూ హలాల్ పాటిస్తారు. మిగిలిన ఆరుగురు మన తెలుగువారే. వారిలో నలుగురు శాకాహారులు, ఇద్దరు మాంసం తింటారు కానీ గొడ్డు మాంసం ముట్టరు. ఆ ఇద్దరిలో ఒకామె ఆరో నెల గర్భిణి. ఏ మాంసం ఎంత కొనాలో, ఏ చీజ్ ఎవరికి పనికి వస్తుందో, ఏది దేనికి తగలకుండా పెట్టాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరా?

జవాబు (ఎడిసన్ నుంచి)

నమస్కారమండీ. ముందుగా ఒక్క మాట: బోర్డు ఒకటే ఉండాలన్న పట్టుదల వదిలిపెట్టండి. మూడేళ్ల క్రితం నేను అన్నీ ఒకే పెద్ద మేపుల్ చెక్క మీద ఎంతో అందంగా అమర్చాను. ప్రషూటో (ఉప్పు పెట్టి ఎండబెట్టి పల్చగా కోసిన పంది మాంసం) ముక్క ఒకటి జారి, దాని అంచు మేక పాల చీజ్ మీద పడింది. అది చూసిన మా పెద్దత్తగారు నోరు తెరిచి ఏమీ అనలేదు కానీ, ఆ రాత్రంతా ఒక్క ద్రాక్షపండు కూడా తీసుకోలేదు. ఆమె ఖాళీ పళ్ళెం పట్టుకుని కూర్చోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. అప్పటినుంచి మా ఇంట్లో మాంసానికి ఒక చెక్క, చీజ్‌కూ పండ్లకూ మరొక చెక్క. రెండింటి మధ్య కనీసం ఒక చేయి దూరం ఉంచుతాను. కత్తులు, ఫోర్కులు కూడా వేర్వేరుగా పెట్టి, వాటి పిడులకు వేర్వేరు రంగుల రిబ్బను కడతాను.

కొలతలకు వస్తే, తరువాత భోజనం ఉన్నప్పుడు మనిషికి 2 ఔన్సుల మాంసం, 2 ఔన్సుల చీజ్ సరిపోతాయి. మీ ఇంట్లో మాంసం తినేవారు పదిమంది కాబట్టి మొత్తం 20 ఔన్సులు, అంటే దాదాపు 570 గ్రాములు కొనండి. అందులో పంది మాంసం 8 ఔన్సులు చాలు. ప్రషూటో, ఏదైనా ఒక సలామీ తీసుకుని వాటికి కూడా విడిగా ఒక చిన్న పళ్ళెం పెట్టండి. మిగిలినది హలాల్ దుకాణంలో కొన్న టర్కీ కోడి మాంసం, దానితోపాటు స్మోక్డ్ సాల్మన్, అంటే పొగబెట్టిన సాల్మన్ చేప. పంది మాంసానికి బదులుగా చాలామంది ఇటలీ వారి బ్రెజావోలా పెట్టమంటారు. అది ఎండబెట్టిన గొడ్డు మాంసం కాబట్టి మీ విందులో దాని జోలికి వెళ్ళకండి. ఇంకొక జాగ్రత్త ఏమిటంటే, చికెన్ సాసేజ్ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. లోపల కోడి మాంసమే ఉన్నా, పైన చుట్టిన పొర పంది పేగుతో చేసినది కావచ్చు. ఆ సంగతి పొట్లం వెనుక చిన్న అక్షరాలలో ఉంటుంది.

చీజ్ మొత్తం 28 ఔన్సులు, అంటే సుమారు 800 గ్రాములు కావాలి. మన శాకాహారులలో చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. చీజ్ కోసం పాలను గడ్డకట్టించే రెన్నెట్ సంప్రదాయంగా దూడ కడుపులోని పొర నుంచి తీస్తారు. ఇటలీ వారి గట్టి చీజ్ పర్మిజానో రెజ్జానోను నియమం ప్రకారం దూడ రెన్నెట్‌తోనే చేయాలి. కాబట్టి మైక్రోబియల్ (సూక్ష్మజీవుల నుంచి తీసిన) రెన్నెట్ అనో, వెజిటేరియన్ రెన్నెట్ అనో స్పష్టంగా రాసి ఉన్న చీజ్‌లను మాత్రమే కొనండి. ఉత్తగా ఎంజైములు అని రాసి ఉంటే ఆ ఎంజైములు దేని నుంచి వచ్చాయో మనకు తెలియదు. జంతువుల రెన్నెట్ లేని చీజ్ అయితే హలాల్ పాటించే మీ స్నేహితులకు కూడా రెన్నెట్ గురించిన సందేహం ఉండదు. ఆవాల పేస్టు కొనేటప్పుడు కూడా చూసుకోండి, కొన్ని డీజాన్ రకాలలో వైట్ వైన్ కలుపుతారు.

అమర్చేటప్పుడు ప్రషూటోను ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే విడదీయండి, వేడెక్కితే పొరలు ఒకదానికొకటి అంటుకుని చిరిగిపోతాయి. ఒక్కొక్క పొరను ఒక కొసన పట్టుకుని చీర కుచ్చిళ్ళు పెట్టినట్టు మడిచి వదిలితే దానంతట అదే నిలబడుతుంది. ముదురు చెడ్డార్‌ను చాకుతో చదరంగా కోయకుండా, కత్తి మొనతో గుచ్చి పెళ్ళలుగా విరవండి. బ్రీ అనే మెత్తని చీజ్ గుండ్రంగా ఉంటే అందులోంచి ఒక ముక్క మీరే కోసి పక్కన పెట్టండి, చెక్కుచెదరని చీజ్ మీద మొదట కత్తి పెట్టడానికి అతిథులు మొహమాటపడతారు.

జవాబు (సియాటిల్ నుంచి)

పైన చెప్పిన సలహాలన్నీ బాగున్నాయి, కానీ గర్భిణి విషయం ప్రస్తావనకు రాలేదు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది, కడుపులోని బిడ్డకు ప్రాణాపాయం తెస్తుంది. అందువల్ల చల్లగా వడ్డించే ముక్కల మాంసాలను గర్భిణులు 165 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు, అంటే పొగలు వచ్చేంతగా వేడిచేసుకునే తినాలని ఇక్కడి ఆరోగ్యశాఖ చెబుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే స్మోక్డ్ సాల్మన్ కూడా అదే కోవలోకి వస్తుంది. బ్రీ, కామెంబేర్ వంటి మెత్తని చీజ్‌లు పాశ్చరైజ్ చేయని పాలవైతే వారు అసలు ముట్టకూడదు. పాశ్చరైజ్ చేసినవైనా ఓవెన్‌లో బుడగలు వచ్చేవరకు వేడిచేస్తే నిశ్చింత. ఆమె కోసం పాశ్చరైజ్ చేసిన పాలతో చేసిన చెడ్డార్, పొగలు కక్కే టర్కీ, బాగా కడిగిన పండ్లు విడిగా ఒక పళ్ళెంలో పెట్టి, ఆమె రాగానే మీరే చేతికి అందించండి. పదిమందిలో ఇది తినవచ్చా, అది తినవచ్చా అని అడగవలసిన అవస్థ ఆమెకు రాకూడదు.

సమయం మాట కూడా చెప్పాలి. ఇటువంటి పదార్థాలను రెండు గంటలకు మించి ఫ్రిజ్ బయట ఉంచకూడదు. చీజ్ రుచి తెలియాలంటే అరగంట ముందుగా బయట పెట్టాలి, అంటే ఐదున్నరకు తీసినది ఏడున్నరకు వెనక్కి వెళ్ళిపోవాలి. సగం మాత్రమే బోర్డు మీద పెట్టి, మిగిలిన సగం ఫ్రిజ్‌లో ఉంచుకుని, ఖాళీ అయినకొద్దీ నింపండి. పండుగ కళ కోసం చుట్టూ రోజ్‌మేరీ రెమ్మలు, క్రాన్‌బెర్రీలు పేర్చండి. హాలీ ఎర్రపండ్లు, మిసల్‌టో చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నా విషపూరితం కాబట్టి తినే వస్తువుల దగ్గరకు రానివ్వవద్దు.

జవాబు (డల్లాస్ నుంచి)

నాది రుచికి సంబంధించిన మాట. ఎండబెట్టిన మాంసమూ చీజూ రెండూ ఉప్పగా, కొవ్వుగా ఉంటాయి కాబట్టి వాటి పక్కన పులుపు, తీపి తప్పనిసరిగా ఉండాలి. ఇక్కడివారు చిన్న దోసకాయల ఊరగాయ, అంజీర జామ్, తేనె పెడతారు. ఆ చోటుకు మన బెల్లం ఆవకాయ చక్కగా సరిపోతుంది. ముదురు చెడ్డార్ పెళ్ళ మీద గోరంత బెల్లం ఆవకాయ పెట్టి మా పొరుగువారికి ఇచ్చినప్పుడు వారు సీసా ఎక్కడ దొరుకుతుందని అడిగారు. అయితే ముక్కకు టెంక ఉంటుందని వారికి తెలియదు, మొత్తంగా కొరికితే పన్ను విరుగుతుంది. కనుక టెంక తీసేసి, కండను సన్నగా తరిగి, నూనె వార్చి, చిన్న గిన్నెలో వేసి చెంచా పెట్టండి. అంత శ్రమ వద్దనుకుంటే టెంక లేని మాగాయ వాడవచ్చు. నేరుగా చెక్క మీద వేస్తే మాత్రం ఎర్రని నూనె పారి చీజ్ అంతా పాడవుతుంది.

క్రాకర్లతోపాటు చేగోడీలు, జంతికలు పెట్టండి కానీ, కారం తగ్గించి చేయించండి. బాదం, పీకాన్ వంటి గింజలను బోర్డు మీద చల్లకుండా మూత ఉన్న గిన్నెలో పెడితే, అవి పడనివారికి ప్రమాదం తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు (ఆస్టిన్ నుంచి)

మీ ముగ్గురికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. రెండు చెక్కలు, పంది మాంసానికి చిన్న పళ్ళెం, గర్భిణికి విడి పళ్ళెం అని నిర్ణయించాను. చీజ్ చెక్కను వచ్చేవారికి ఎదురుగా, గుమ్మానికి దగ్గరగా పెడతాను, ఎందుకంటే దాని మీద ఉన్నవి పద్నాలుగు మందిలో ఎవరైనా తీసుకోగలిగినవి. బ్రీ మానేసి, ఆ స్థానంలో మైక్రోబియల్ రెన్నెట్ అని రాసి ఉన్న గౌడా తీసుకుంటున్నాను. మా అమ్మ పంపిన బెల్లం ఆవకాయ జాడీ ఇంకా సగం ఉంది. టెంకలు తీసే పని 23వ తేదీ రాత్రే చేసి పెట్టుకుంటాను.