గురక వంటి శబ్దం వస్తుంటే ఊపిరి ఉన్నట్టేనా?

ప్రశ్న:
గత నెల మా కాలనీ పార్కులో ఉదయం నడుస్తున్న ఒక పెద్దాయన ఉన్నట్టుండి కూలిపోయారు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే మూర్ఛ అనుకుని ఒకరు చేతిలో తాళాల గుత్తి పెట్టారు, మరొకరు ముఖాన నీళ్లు చల్లారు. ఆ తరువాత గొంతులో ఆగి ఆగి గురక వంటి శబ్దం రావడంతో, ఊపిరి ఆడుతోందన్న ధైర్యంతో 108 కోసం ఎదురుచూశాము. ఆయన దక్కలేదు. ఆసుపత్రిలో కార్డియాక్ అరెస్ట్ అన్నారు. గుండెపోటంటే ఇదేనా? మేము ఏమి చేసి ఉండవలసింది?

జవాబు 1:
రెండూ ఒకటి కావండీ. గుండెపోటులో గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోతుంది. మనిషి సాధారణంగా స్పృహలోనే ఉండి, నొప్పిగా ఉందనీ చెమటలు పడుతున్నాయనీ చెప్పగలుగుతాడు. అరెస్టులో చాలాసార్లు గుండెలోని విద్యుత్ ప్రసరణ గాడి తప్పి, గుండె కొట్టుకోవడం మాని ఊరికే వణుకుతుంది కనుక, మెదడుకు రక్తం అందక క్షణాల్లో స్పృహ పోతుంది. గుండెపోటు అరెస్టుకు దారితీయవచ్చు. మీరు చూసిన కుదుపులు మెదడుకు రక్తం ఆగినందువల్ల వచ్చి ఉండవచ్చు. ఆ గురక మాత్రం ఊపిరి కాదు, ఎగశ్వాస, అంటే గుండె ఆగాక కొద్దిసేపు ఆగి ఆగి వచ్చే పనికిరాని శ్వాస. దాన్ని చూసి మోసపోయినవారు మీరొక్కరే కాదు.

జవాబు 2:
అత్యవసర విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. పిలిచి తట్టినా పలకక, శ్వాస మామూలుగా లేకపోతే అరెస్టనే భావించి, నాడి వెతుకుతూ కూర్చోకుండా, ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే మరొకరు సీపీఆర్, అంటే ఛాతీ నొక్కి రక్తాన్ని ఆడించడం, మొదలుపెట్టాలి. గట్టి నేలపై వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక కింది సగంపై ఒక అరచేయి, దానిపై రెండో చేయి ఉంచి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెం.మీ. లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. చేతులు అలసితే లోతు తగ్గిపోతుంది, అందుకే రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. నోటితో శ్వాస ఇవ్వడం రానివారు ఛాతీ నొక్కడం ఒక్కటే చేసినా మేలే, కానీ నీట మునిగినవారికీ పిల్లలకూ శ్వాస కూడా అవసరం.

జవాబు 3:
వణుకుతున్న గుండెను తిరిగి గాడిలో పెట్టేది విద్యుత్ షాకే; అంతవరకు మెదడుకు రక్తం అందించేది సీపీఆర్. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో ఫిన్లాండ్‌తో ఆడుతూ కూలిపోయిన డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు ఎరిక్సన్‌కు మైదానంలోనే ఈ రెండూ అందాయి, మరుసటి ఏడాది ఆయన మళ్లీ ఆడారు. ఆ షాక్ ఇచ్చే ఏఈడీ అనే పెట్టె ఏమి చేయాలో తానే పలికి చెబుతుంది, అవసరం లేనివారికి షాక్ ఇవ్వదు. మీ కాలనీ సంఘం కొనగలిగితే కొనండి, కానీ దాన్ని ఆఫీసు గదిలో పెట్టి తాళం మాత్రం వేయకండి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. ఒకవేళ అది నిజంగా మూర్ఛే అయితే, ఛాతీ నొక్కడం ప్రమాదం కాదా?

జవాబు 2:
గుండె ఆడుతున్న మనిషి అయితే సాధారణంగా మూలుగుతాడు, చేతులు తోసేస్తాడు, అప్పుడు ఆపేయవచ్చు. పక్కటెముక నొప్పి మిగలవచ్చు గానీ పెద్ద హాని అరుదు.